గ్రాఫ్ గీయడం వచ్చు, చదవడం రావట్లేదు: తొమ్మిదో తరగతి అమ్మాయి గురించి అడిగిన అమ్మగారికి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: అమ్మాయి తొమ్మిదో తరగతి, గ్రాఫ్ గీయమంటే స్కేలు, అక్షాలు, బిందువులు అన్నీ పద్ధతిగా పెట్టి పూర్తి మార్కులు తెచ్చుకుంటుంది, అదే గ్రాఫ్ గీసి చేతికిచ్చి "ఇందులో ఏం జరుగుతోంది?" అని అడిగితే మాత్రం బిక్కమొహం వేస్తుంది, మరి ట్యూషన్ మార్చాలా అని.

ట్యూషన్ మార్చకండి. మీ అమ్మాయిలో లోపమేమీ లేదు, తెలివి తక్కువా కాదు. నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇరవై రెండేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను, మీరు చెప్పిన పిల్ల ప్రతి సంవత్సరం, ప్రతి సెక్షన్‌లో నాకు కనిపిస్తుంది, అదీ ఎక్కువగా మొదటి బెంచీలోనే. కారణం ఏమిటంటే మనం గ్రాఫ్‌ని ముగ్గు వేయడం నేర్పినట్టు నేర్పుతున్నాం. పట్టికలో అంకెలు తీసుకో, చుక్కలు పెట్టు, కలుపు, మూలలో స్కేలు రాయి, మార్కులు వస్తాయి. చుక్కలు కలిపాక ఆ గీతతో మాట్లాడటం అనే పని పరీక్షలో చాలాసార్లు ఉండదు కాబట్టి క్లాసులోనూ ఉండదు. గీయడం వేరు, చదవడం వేరు, రెండోది విడిగా నేర్పాలి.

చదవడంలో ఎక్కడ తప్పుతారో చెబుతాను, ఎందుకంటే జబ్బు తెలియకుండా మందు వేసినట్టు మరో వంద గ్రాఫులు గీయిస్తే ఏమీ మారదు.

మొదటిది, గ్రాఫ్‌ని బొమ్మగా చూడటం. కొన్నేళ్ల కిందట ఒక అమ్మాయికి బోర్డు మీద గ్రాఫ్ గీసి ఇచ్చాను. అడ్డంగా కాలం, నిలువుగా ఇంటి నుంచి దూరం. గీత పైకి వెళ్లింది, కాసేపు అడ్డంగా నడిచింది, మళ్లీ కిందికి దిగింది. ఒక అబ్బాయి ఇంటి నుంచి కొట్టుకు వెళ్లి, అక్కడ నిలబడి సామాన్లు కొని, తిరిగి వచ్చాడు, అంతే కథ. ఆ అమ్మాయి వేలు పెట్టి చూపిస్తూ "కొండ ఎక్కాడు సార్, పైన కొంచెంసేపు నడిచాడు, మళ్లీ దిగాడు" అంది. పైన నడిచాడని ఎందుకంటున్నావమ్మా అంటే "అక్కడ చదునుగా ఉంది కదా సార్" అంది. నేను తప్పు అనలేదు. ఆ అడ్డగీత మొదట్లో వేలు పెట్టి ఎడమవైపు అక్షం మీద ఎంత ఉందో చూడమన్నాను. 600 మీటర్లు. గీత చివర పెట్టి చూడమన్నాను. 600 మీటర్లు. మధ్యలో? 600. వేలు అక్కడే పెట్టుకుని ఒక అర నిమిషం ఏమీ మాట్లాడలేదు, తర్వాత చాలా నెమ్మదిగా "అంటే... వాడు కదల్లేదా సార్?" అంది. ఆ అర నిమిషమే అసలు పాఠం. మనం తొందరపడి "అది కొండ కాదు, వాడు ఆగాడు" అని చెప్పేసి ఉంటే రాసుకునేది, వారానికి మరిచిపోయేది.

రెండోది మరింత లోతైనది, దీన్ని మంచి మార్కులు వచ్చే పిల్లలు కూడా దాటలేరు. రెండు బస్సులు, కాలం-దూరం గ్రాఫ్ మీద రెండు సరళరేఖలు. ఒకటి కొంచెం పైనుంచి మొదలై నెమ్మదిగా ఎక్కుతోంది, రెండోది సున్నా నుంచి నిటారుగా ఎక్కుతోంది, మధ్యలో ఒకచోట ఒకదాన్నొకటి దాటుకున్నాయి. "రెండు బస్సుల వేగం ఎప్పుడు సమానం?" అని అడగండి. క్లాసులో ముప్పావు మంది గీతలు కలిసిన చోట వేలు పెడతారు. అక్కడ కలిసింది స్థానం, వేగం కాదు. ఆ క్షణంలో రెండు బస్సులూ రోడ్డు మీద పక్కపక్కన ఉన్నాయి, అందులో ఒకటి రెండోదాన్ని ఓవర్‌టేక్ చేస్తోంది, వేగం సమానమైతే ఓవర్‌టేక్ ఎలా చేస్తుంది? ఇవి రెండూ సరళరేఖలు, వాటి నిటారుతనం వేరు వేరు కాబట్టి ఈ గ్రాఫ్‌లో వేగాలు ఎక్కడా సమానం కావు.

ఇది మన ఊళ్ల పిల్లల సమస్య మాత్రమే అనుకోకండి. అమెరికాలో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లిలియన్ మెక్‌డెర్మాట్, ఆమె సహచరులు 1987లో ప్రచురించిన పరిశోధనలో కాలేజీ విద్యార్థులు కూడా సరిగ్గా ఇక్కడే, గీత ఎత్తుకూ దాని నిటారుతనానికీ మధ్య, తికమకపడ్డారు. నార్త్ కరొలినాలో రాబర్ట్ బైక్‌నర్ చలనం గ్రాఫుల మీద 21 ప్రశ్నల పరీక్ష ఒకటి తయారుచేసి 1994లో ఫలితాలు ప్రకటించాడు, ఆ పాఠం క్లాసులో విన్న విద్యార్థులకే సగటున సగం మార్కులు కూడా రాలేదు. అందుకే మీ అమ్మాయిని కోప్పడవద్దని చెబుతున్నాను. సంఖ్యలు మనుషులకు వేల ఏళ్లుగా తెలుసు, కమ్మీ చిత్రం (బార్ గ్రాఫ్) గీసి లెక్కలు చూపించడం మాత్రం 1786లో విలియం ప్లేఫెయిర్ అనే స్కాట్లాండ్ ఆయనతో వాడుకలోకి వచ్చింది. కంటికి సహజంగా అబ్బే విద్య కాదు ఇది.

మన తెలుగులో దీనికి ఇంకో మెలిక ఉంది, నాకు ఇది అర్థమవడానికి పదేళ్లు పట్టింది. పుస్తకంలో ఈ నిటారుతనానికి "వాలు" అని ఉంటుంది. మన పిల్లలకు వాలు అంటే పొలం వాలు, నీళ్లు ఏ వైపు పారతాయో ఆ వైపు, అంటే కిందికి. "వాలు ఎక్కువగా ఉంది" అంటే వాళ్ల మనసులో గీత కిందికి జారుతుంది. అందుకే నేను మొదటి రెండు వారాలు వాలు అనే మాట వాడను, "గీత ఎంత నిటారుగా నిలబడింది?" అంటాను. నిటారు అనగానే చెయ్యి పైకెత్తి చూపిస్తారు. తర్వాత వాలు అనే మాట పెట్టినా ఇబ్బంది ఉండదు.

అంతకన్నా ముఖ్యమైనది, "ఎక్కువ ఉంది", "ఎక్కువ అవుతోంది" అనే రెండు మాటలు. గ్రాఫ్ చదవడం మొత్తం ఈ రెండింటి మధ్య ఉంది. గీత ఎంత ఎత్తులో ఉంది అనేది "ఎంత ఉంది" అనే ప్రశ్నకు జవాబు, ఎంత నిటారుగా ఉంది అనేది "ఎంత జోరుగా మారుతోంది" అనే ప్రశ్నకు జవాబు. పెద్దవాళ్లం మనం కూడా ఇక్కడ పడిపోతాం. ద్రవ్యోల్బణం తగ్గింది అని వార్తల్లో చెబితే ధరలు తగ్గాయని అనుకుని మార్కెట్‌కి వెళ్లి ఆశ్చర్యపోతాం. తగ్గింది ధర కాదు, ధర పెరిగే జోరు తగ్గింది, ధర ఇంకా పెరుగుతూనే ఉంది.

దీన్ని పిల్లలకు చెప్పడానికి నా దగ్గరున్న అన్ని ఉదాహరణల్లో బాగా పనిచేసేది ప్రాజెక్టు నీళ్లు. వానాకాలంలో శ్రీశైలం, నాగార్జునసాగర్ ఇన్‌ఫ్లో ఎంత, అవుట్‌ఫ్లో ఎంత, నీటిమట్టం ఎంత అని రోజూ పేపర్లో వస్తుంది, పిల్లలు ఇంట్లో వింటూనే ఉంటారు. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు అని నోటికి చెప్పే పిల్లలు నా క్లాసులో ఉన్నారు. నేను బోర్డు మీద లెక్క కోసం కొన్ని అంకెలు వేస్తాను: మొదటి రోజు ఇన్‌ఫ్లో 3 లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు), రెండో రోజు 2 లక్షలు, మూడో రోజు 1 లక్షా 20 వేలు. అవుట్‌ఫ్లో మూడు రోజులూ 1 లక్షే. ఇన్‌ఫ్లో గీత జరజరా దిగుతోంది. ఇప్పుడు అడుగుతాను, మూడో రోజు ప్రాజెక్టులో నీళ్లు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా?

"తగ్గుతున్నాయి సార్!" క్లాసంతా ఒకే గొంతు. గీత దిగుతోంది కదా మరి.

అప్పుడు లెక్క చేయిస్తాను. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. మొదటి రోజు మిగిలింది 2 లక్షల క్యూసెక్కులు, సుమారు 17 టీఎంసీలు పెరిగాయి. రెండో రోజు మిగిలింది 1 లక్ష, సుమారు 8.6 టీఎంసీలు. మూడో రోజు 20 వేలు, సుమారు 1.7. మూడు రోజులూ ప్రాజెక్టు నిండుతూనే ఉంది, నిండే జోరు తగ్గిందంతే. ఇన్‌ఫ్లో గీత వచ్చి అవుట్‌ఫ్లో గీతను తాకేవరకు నీటిమట్టం దిగదు. ఆ పక్కనే నీటి నిల్వ గ్రాఫ్ వాళ్లతోనే గీయిస్తాను, పైకి ఎక్కుతూ ఎక్కుతూ మెల్లగా చదునయ్యే గీత వస్తుంది. ఒక గ్రాఫ్ దిగుతోంది, దాని పక్క గ్రాఫ్ ఎక్కుతోంది, రెండూ ఒకే ప్రాజెక్టు గురించి, రెండూ నిజమే. ఈ ఒక్క పీరియడ్ బాగా జరిగితే వేగం-కాలం గ్రాఫ్ నుంచి దూరం కనుక్కోవడం అనే పాఠం సగం అయిపోయినట్టే, ఎందుకంటే అక్కడా ఇదే పని, గీత కింద గడులు లెక్కపెట్టి పోగుచేయడం.

గడులు అన్నాను కాబట్టి ఒక మాట. వైశాల్యం సూత్రం పెట్టే ముందు ఒక్క గడి విలువ ఎంతో అడగండి. అడ్డం గడి 5 సెకన్లు, నిలువు గడి సెకనుకు 2 మీటర్లు అయితే ఒక్కో గడి 10 మీటర్ల ప్రయాణం. బస్సు సెకనుకు 10 మీటర్ల వేగంతో 20 సెకన్లు వెళితే కింద 20 గడులు, 200 మీటర్లు. ఇది తెలిసిన పిల్లకు సూత్రం మరిచిపోయినా ఫర్వాలేదు.

మీరు తల్లి కాబట్టి మీకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఒకటుంది. అమ్మాయి చిన్నప్పటి తల్లీబిడ్డల కార్డు దాచి ఉంటే బయటికి తీయండి, అందులో వయసుకు తగ్గ బరువు గ్రాఫ్ ఉంటుంది, ఆకుపచ్చ, పసుపు, నారింజ పట్టీలతో. ఒక బిడ్డ ఆకుపచ్చలోనే ఉంది కానీ మూడు నెలలుగా గీత చదునుగా ఉంది, ఇంకో బిడ్డ పసుపులో ఉంది కానీ గీత నెలనెలా ఎక్కుతోంది. అనుభవమున్న అంగన్‌వాడీ టీచర్ మొదటి బిడ్డ తల్లిని కూడా కూర్చోబెట్టి ఏం తింటోంది, జ్వరమేమైనా వచ్చిందా అని అడుగుతుంది. చుక్క ఎక్కడుందో మాత్రమే చూసేవాళ్లకు ఆ బిడ్డ కనిపించదు. మీ అమ్మాయికి తన సొంత కార్డు చూపించి "నీ బరువు ఏ నెలల్లో జోరుగా పెరిగింది, ఎప్పుడు ఆగింది?" అని అడగండి, బస్సుల గ్రాఫ్ కన్నా ఇష్టంగా చెబుతుంది.

ఇక గీయడం బాగా వచ్చు అన్నారు కదా, అక్కడ కూడా ఒకసారి పరీక్షించి చూడండి. గీసేటప్పుడు ఆలోచన ఉందా, చెయ్యి మాత్రమే కదులుతోందా అన్నది రెండు చోట్ల బయటపడుతుంది. ఒకటి, కాలం 0, 1, 2, 5, 10 నిమిషాలు అని పట్టికలో ఇస్తే వాటిని అక్షం మీద సమాన దూరంలో పెట్టేస్తారు, 2కీ 5కీ మధ్య ఒక సెంటీమీటరు, 5కీ 10కీ మధ్య కూడా ఒక సెంటీమీటరు. అక్షం అంటే వాళ్లకు కొలబద్ద కాదు, పేర్లు రాసే వరస. రెండోది పదో తరగతిలో వస్తుంది. ఎక్స్ వర్గం మైనస్ ఎక్స్ మైనస్ 6 గ్రాఫ్ గీయమంటే ఎక్స్ 0 దగ్గరా 1 దగ్గరా రెండుచోట్లా విలువ మైనస్ 6 వస్తుంది, ఆ రెండు చుక్కల్నీ స్కేలు పెట్టి అడ్డంగా కలిపేస్తారు, పరావలయం అనే ఆ వంపుగీత అడుగున చదునైన గిన్నెలా తయారవుతుంది. "ఎక్స్ అర అయితే ఎంత?" అని అడిగితే లెక్క చేసి మైనస్ 6.25 అని చెబుతారు, అప్పుడు చూస్తారు గీత ఇంకా కిందికి దిగాలని. చుక్కల మధ్య ఖాళీలో కూడా విలువలున్నాయి అనే సంగతి ఆ క్షణంలోనే తెలుస్తుంది. గీయడం వచ్చిన చాలామందికి ఈ సంగతి తెలియదు.

క్లాసులో నేను చేయించే పని ఒకటి చెబుతాను, ఇంట్లో కూడా చేయొచ్చు. స్కూలు వరండాలో సుద్దముక్కతో మీటరుకొక గీత, 10 మీటర్ల వరకు. ఒకరు నడుస్తారు, ఒకరు రెండు సెకన్లకోసారి పళ్లెం మీద గంటె కొడతారు, మిగతావాళ్లు గంటె మోగినప్పుడల్లా వాడు ఎన్నో గీత దగ్గరున్నాడో రాసుకుంటారు. గ్రాఫ్ గీస్తాం. ఇది సగమే. మిగతా సగం తిరగేసి చేయడం: నేను గ్రాఫ్ ఇస్తాను, వాళ్లు దాన్ని నడిచి చూపించాలి. నెమ్మదిగా ఎక్కే గీతకు నెమ్మదిగా నడవాలి, అడ్డగీతకు నిలబడాలి, దిగే గీతకు వెనక్కి రావాలి. ఒకసారి కావాలనే మధ్యలో నిలువు గీత పెట్టాను. నడుస్తున్న అబ్బాయి అక్కడికొచ్చేసరికి ఆగిపోయి, కాగితం చూసి, వరండా చూసి, "సార్, ఒక్క క్షణంలో నాలుగు మీటర్లు ఎలా పోతాను?" అన్నాడు. తొమ్మిదో తరగతిలో అంతకన్నా మంచి ప్రశ్న నేను వినలేదు. నడక, గ్రాఫ్ వెంటవెంటనే జరగాలి, ఈ రోజు నడిచి రేపు గీస్తే అంత పట్టుకోదు. 1987లో హెదర్ బ్రాసెల్ అనే పరిశోధకురాలు అమెరికాలో ఇదే చూసింది, విద్యార్థి కదులుతుండగానే కంప్యూటర్ తెర మీద గ్రాఫ్ వస్తే బాగా నేర్చుకున్నారు, అదే గ్రాఫ్ కొన్ని సెకన్లు ఆలస్యంగా చూపిస్తే ఆ లాభం చాలావరకు పోయింది.

మంచుముక్కల ప్రయోగం కూడా స్కూల్లో అడిగి చేయించండి. బీకరులో మంచు, థర్మామీటరు, కింద దీపం, నిమిషానికోసారి రీడింగు. మంచు కరిగినంతసేపు 0 డిగ్రీల దగ్గర అలాగే ఉంటుంది. చూస్తున్న పిల్లలు "థర్మామీటర్ పాడైంది సార్" అంటారు, కేవలం గ్రాఫ్ చూసిన పిల్లలు "మధ్యలో దీపం ఆపేశారు" అంటారు. దీపం వెలుగుతూనే ఉంది, గ్రాముకు 80 కేలరీల చొప్పున వేడి లోపలికి వెళుతూనే ఉంది, అది కరిగించడానికి ఖర్చవుతోంది. అడ్డగీత అంటే ఏమీ జరగడం లేదని కాదు, నిలువు అక్షం మీద రాసినది మారడం లేదని మాత్రమే. ఏ గ్రాఫ్ అయినా ముందు ఆ అక్షం మీద ఏం రాశారో పైకి చదివించమని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇంట్లో మీరు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. గ్రాఫ్ కనిపించినప్పుడు, ఫోన్‌లో వాతావరణం కావచ్చు, పేపర్లో కావచ్చు, మూడు రకాల ప్రశ్నలు అడగండి. ఉన్నది చదివేది: మధ్యాహ్నం మూడింటికి ఎంత ఎండ? రెండు చోట్లను పోల్చేది: ఏ గంటలో ఎండ అన్నిటికన్నా వేగంగా పెరిగింది? గీత అవతలికి వెళ్లేది: ఇలాగే ఉంటే రాత్రి పదికి ఎంత ఉండొచ్చు, ఎందుకలా అనుకుంటున్నావు? ఫ్రాన్సిస్ కర్సియో అనే గణిత విద్యావేత్త 1987లో గ్రాఫ్ అర్థం చేసుకోవడాన్ని ఇలాగే మూడు మెట్లుగా విడదీసింది. మన పరీక్షలు ఎక్కువగా మొదటి మెట్టు మీదే ఆగుతాయి, ఇంటర్‌కి వెళ్లాక జేఈఈ, నీట్ ప్రశ్నలు ఒక్కసారిగా రెండు, మూడు మెట్ల మీద అడుగుతాయి, అప్పుడు పిల్లలకు టెన్షన్. తొమ్మిదిలోనే మొదలుపెట్టారు కాబట్టి మీకు కావలసినంత టైముంది.

పేపర్లో కమ్మీ చిత్రం కనిపిస్తే నిలువు అక్షం సున్నా నుంచి మొదలైందో లేదో చూడమనండి. ఉదాహరణకు ఉత్తీర్ణత అబ్బాయిలు 89 శాతం, అమ్మాయిలు 93 శాతం అనుకుందాం. అక్షం 85 నుంచి మొదలుపెడితే అమ్మాయిల కమ్మీ అబ్బాయిల కమ్మీకి రెండింతలు ఎత్తుంటుంది. తేడా నాలుగు శాతమే.

చివరిగా, జవాబు తప్పు చెప్పినప్పుడు దిద్దవద్దు, "ఏ చోటు చూసి అలా అన్నావు, వేలు పెట్టి చూపించు" అనండి. వేలు ఎక్కడ పెట్టిందో చూస్తే ఎత్తు చూస్తోందో నిటారుతనం చూస్తోందో మీకే తెలిసిపోతుంది, దానికి మీకు ఫిజిక్స్ రావాల్సిన పని లేదు. ఈ సోమవారం నుంచి రోజూ రాత్రి ఒకే టైముకి కరెంటు మీటర్ రీడింగు రాయించండి. పది రోజులకు రెండు గ్రాఫులు గీయమనండి, ఒకటి మీటర్ రీడింగుది, ఒకటి ఏ రోజుకారోజు ఎన్ని యూనిట్లు కాలిందో అది. మీటర్ గీత ఎప్పుడూ ఎందుకు దిగడం లేదు, రెండో గీత ఎందుకు దిగుతోంది అని అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాయండి. ఎక్కడ ఆగిందో చూసి అక్కడి నుంచి మళ్లీ మాట్లాడుకుందాం.